కనబడనిది లేనిదేనా? అంతర్జాల వ్యాసాన్వేషణ – అనుపలబ్ధి – పరిశోధకుల నైతిక బాధ్యత

వ్యాససంగ్రహం: కళాశాల గ్రంథాలయం అందించే అంతర్జాల సాధనాలతో పూర్వపరిశోధనను వెతికి, ఏదీ దొరకనప్పుడు “ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు” అని రాయడం పరిపాటి అయింది. ఈ వాక్యానికి ఉన్న ప్రామాణ్యాన్ని భారతీయ దర్శనాల్లోని అనుపలబ్ధి విచారం ఆధారంగా పరిశీలించి, దాని వెనుక ఉన్న నైతిక బాధ్యతను నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: అనుపలబ్ధి, యోగ్యత, పూర్వపరిశోధన, శోధగంగ, అంతర్జాలాన్వేషణ, పరిశోధన నైతికత.

1. సమస్యా స్వరూపం

తెలుగు సిద్ధాంతగ్రంథాల తొలి అధ్యాయంలో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: “ఈ అంశంపై ఇంతవరకు సమగ్రమైన పరిశోధన జరగలేదు.” పరిశోధనావశ్యకతను సమర్థించే వాక్యం ఇదే. పైకి లాంఛనంగా కనిపించినా ఇది పూర్వికుల గురించి వెలువరించిన తీర్పు. ఫలానా పని ఎవరూ చేయలేదని చెప్పడం, చేసినవారు ఉంటే వారి శ్రమను రద్దు చేయడమే అవుతుంది.

ఒక తరం క్రితం ఈ మాట రాయబోయే పరిశోధకులు కార్డు కేటలాగులు తిరగేసేవారు. పర్యవేక్షకులను, విషయజ్ఞులను అడిగి తెలుసుకునేవారు. పాత సంచికల విషయసూచికలు చూసేవారు. నేడు గ్రంథాలయం ఇచ్చిన ప్రవేశసంకేతంతో కంప్యూటరు ముందు కూర్చుని రెండు మూడు పదాలు టైపు చేస్తే క్షణాల్లో ఫలితాల పట్టిక తెరపైకి వస్తుంది. ఆ పట్టిక శూన్యమైతే అన్వేషణ ముగిసినట్లే భావించడం జరుగుతోంది. పట్టికలోని శూన్యం లోకంలోని శూన్యానికి ప్రమాణమవుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. సాధనాలు చేసిన మేలు

ఈ సాధనాల ప్రయోజనాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో తెచ్చిన నిబంధనల ఫలితంగా సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించే పద్ధతి ఏర్పడింది. వాటిని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం శోధగంగలో భద్రపరుస్తోంది. కొనసాగుతున్న పరిశోధనల ప్రణాళికలకు శోధగంగోత్రి ఉంది. ఎన్-లిస్ట్ పథకం ద్వారా చిన్న పట్టణాల్లోని డిగ్రీ కళాశాలలకు కూడా ఎలక్ట్రానిక్ పత్రికలు, పుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 అంతర్జాతీయ ప్రచురణసంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించడానికి ఉద్దేశించినది. మహానగరంలోని పెద్ద గ్రంథాలయానికి వెళ్లగలిగినవారికే పరిమితమైన జ్ఞానం మారుమూల కళాశాలకు చేరడం సామాజిక న్యాయమే.

అయితే ఈ సమృద్ధిలోనే ఒక భ్రాంతికి అవకాశముంది. పదమూడు వేల పత్రికలు వెతికితే దొరకని విషయం ఇక ఎక్కడా ఉండదనిపించడం సహజం. తెలుగు సాహిత్య పరిశోధన ప్రధానంగా జరిగింది ఆ పత్రికల్లో కాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ప్రారంభించిన ‘భారతి’ వంటి మాసపత్రికల్లో, ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రికలో, ఉగాది సంచికల్లో, సన్మానసంచికల్లో, సదస్సు పత్రాల సంపుటాల్లో జరిగింది. వెతికిన నిధి ఎంత పెద్దదైనా, వెతకవలసిన వస్తువు దానిలో చేరే అవకాశముందా అన్నదే ముందు తేలవలసిన విషయం.

3. అనుపలబ్ధి: దర్శనాల నిర్ణయం

అభావజ్ఞానం ఎలా కలుగుతుందన్నది భారతీయ దర్శనాల్లో విస్తృతంగా చర్చించిన సమస్య. నైయాయికులు అభావాన్ని ప్రత్యక్షంతోనే గ్రహించవచ్చన్నారు. కుమారిలభట్టును అనుసరించిన మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. ప్రాభాకరులు దానిని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకోలేదు. నేలపై కుండ కనబడకపోవడం చేత కుండ లేదని తెలుసుకోవడం ఈ చర్చలో ప్రసిద్ధ దృష్టాంతం.

కనబడకపోయినంత మాత్రాన లేదనడానికి అనుపలబ్ధివాదులు కూడా అంగీకరించలేదు. యోగ్యత ఉండాలన్నారు. వస్తువు అక్కడ ఉంటే తప్పక కనబడి ఉండేదన్న స్థితిలో కనబడకపోవడమే అభావాన్ని తెలుపుతుంది. చీకటిగదిలో కుండ కనబడకపోతే కుండ లేదనడానికి వీలులేదు. దీపం వెలిగించాక కనబడకపోతేనే ఆ మాటకు అధికారం వస్తుంది. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి కూడా దృశ్యమైన వస్తువు కనబడకపోవడానికీ, దర్శనానికి అందని వస్తువు కనబడకపోవడానికీ భేదం చెప్పాడు. మొదటిది అభావాన్ని నిశ్చయిస్తుంది. రెండవది సంశయానికి మాత్రమే కారణమవుతుంది.

పరస్పరం విభేదించిన ఈ శాస్త్రకారులు చూపిన జాగ్రత్త అంతర్జాలాన్వేషణకు నేరుగా వర్తిస్తుంది. శూన్యమైన ఫలితాల పట్టిక యోగ్యానుపలబ్ధి అయినప్పుడే “పరిశోధన జరగలేదు” అనడం చెల్లుతుంది. కానప్పుడు దానివల్ల కలిగేది సంశయమే. సంశయాన్ని నిశ్చయంగా రాయడం ప్రమాణదోషం.

4. తెలుగు పాఠం విషయంలో యోగ్యతాలోపం

శోధనసాధనం సాధారణంగా అర్థాన్ని కాక అక్షరాల వరుసను పోల్చుతుంది. ‘తెలుగు’ అని వెతికితే, అరసున్నతో ‘తెలుఁగు’ అని అచ్చయిన పాత వ్యాసం జారిపోవచ్చు. ‘కన్యాశుల్కం’ అన్న అక్షరాల వరుస ‘కన్యాశుల్కము’లో లేదు, ‘కన్యాశుల్కాన్ని’లోనూ లేదు. వ్యక్తినామాల చిక్కు ఇంకా ఎక్కువ. గురజాడ పేరును ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు ‘జె’ అక్షరం వాడినవారున్నారు, ‘జెడ్’ వాడినవారున్నారు. ‘అప్పారావు’ను కలిపి రాసినవారు, విడదీసినవారు ఉన్నారు. ఒక రూపంతో వెతికినవారికి మరొక రూపంలో ఉన్న రచన కనబడదు.

లిపి లోపల మరో చీకటి ఉంది. యూనికోడ్ స్థిరపడకముందు డీటీపీలో కూర్చిన తెలుగు పాఠం మనిషి కంటికి తెలుగే. యంత్రానికి మాత్రం రోమన్ అక్షరాలు, చిహ్నాల కలగాపులగం. స్కాన్ చేసిన పాత పత్రికల పుటలు చాలావరకు బొమ్మలే. వాటి శీర్షిక, సంవత్సరం, నెల తెలిస్తే తెరవవచ్చు గాని లోపలి మాటలతో వెతకడం కుదరదు. అంటే ఎక్కడుందో ముందే తెలిసినవారికే అది దొరుకుతుంది.

పరిభాష మారడం మూడవ కారణం. వ్యావహారిక భాషోద్యమంపై పనిచేసేవారు ‘వ్యావహారికం’ అన్న పదంతో వెతికితే, అదే భాషను ‘గ్రామ్యం’ అన్న ప్రతిపక్షుల రచనలు కనబడకపోవచ్చు. ఆ వాదంలో కీలకమైన పత్రాలు కొన్ని తెలుగులో లేవు. జయంతి రామయ్య పంతులు 1913లో గ్రాంథికాన్ని సమర్థిస్తూ ప్రకటించిన గ్రంథం, గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఇంగ్లీషు రచనలు. పూర్వపక్షాన్ని దాని మాటల్లోనే చెప్పి ఖండించడం శాస్త్రమర్యాద. ఒక పక్షం పరిభాషతోనే వెతికితే పూర్వపక్షం మాయమవుతుంది. ఆ మాయ పరిశోధకులకు తెలియకుండానే జరుగుతుంది.

5. దోషమా, అపరాధమా?

ఇక్కడ ఒక ఆక్షేపం సహజంగా వస్తుంది. సాధనంలో లోపం ఉంటే పరిశోధకుల తప్పేమిటి? ఎవరి అన్వేషణకైనా అంతముండాలి. రాష్ట్రంలోని ప్రతి కళాశాల బీరువా తెరిచి చూసిన తరువాతే కలం పట్టాలంటే ఏ పరిశోధనా పూర్తి కాదు.

ఆక్షేపంలో సత్యముంది. తెలియకపోవడం అపరాధం కాదు. తెలియనిదాన్ని లేనిదిగా ప్రకటించడం అపరాధం. నైతికత కోరేది అనంతమైన అన్వేషణను కాదు, అన్వేషణ పరిధిని నిజాయితీగా చెప్పడాన్ని. “ఈ అంశంపై పరిశోధన జరగలేదు” అనడానికి బదులు, “శోధగంగలోను, ఈ విశ్వవిద్యాలయ గ్రంథాలయ కేటలాగులోను ఈ ఈ పదాలతో, ఫలానా నెల వరకు వెతికినంతలో కనబడలేదు” అని రాయవచ్చు. ఈ రెండవ వాక్యం తరువాతివారికి ఎక్కడ వెతకడం మిగిలి ఉందో చెబుతుంది. మొదటిది వారి దారి మూసివేస్తుంది.

దారి మూసివేయడమే ఈ విషయంలో అసలు హాని. ఒకరి అనుపలబ్ధి అచ్చయిన తరువాత మరొకరికి శబ్దప్రమాణమవుతుంది. మొదటివారు వెతికి దొరకలేదనుకుంటారు. రెండవవారు వెతకకుండానే, మొదటివారిని ఉదాహరించి, లేదంటారు. మూడవవారి నాటికి అది సాహిత్యచరిత్రలో స్థిరపడిన విషయమవుతుంది. ఉదాహరణలు లేని వ్యాసం ఫలితాల పట్టికలో కిందికి జారుతుంది. కిందికి జారినది ఉదాహరణకు నోచుకోదు. ఈ విధంగా కనబడనిది క్రమంగా లేనిదవుతుంది. టైపు చేసిన ప్రతిగా గ్రంథాలయం మూలన ఉండిపోయిన ఒక సిద్ధాంతగ్రంథం వెనుక ఒక అధ్యాపకుడి పదేళ్ల శ్రమ ఉండవచ్చు. దాన్ని చెదపురుగులకన్నా ముందే ఒక అజాగ్రత్త వాక్యం తుడిచివేయగలదు.

గ్రంథచౌర్య పరిశీలనలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు 10 శాతం వరకు సాదృశ్యాన్ని స్వల్పంగా ఎంచి శిక్ష విధించలేదు. ఆ శాతాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ తన నిధిలో ఉన్న పాఠంతోనే పోల్చగలదు. స్కాన్ కాని తెలుగు గ్రంథం నుంచి పుటలకు పుటలు ఎత్తిరాసినా సాదృశ్యం సున్నాగా రావచ్చు. ఆ సున్నా కూడా అయోగ్యానుపలబ్ధే. నిజాయితీకి ప్రమాణపత్రం కాదు. యంత్రం చూడని చోట పరిశోధకుల మనస్సాక్షి ఒక్కటే సాక్షి.

6. పత్రికల కర్తవ్యం

బాధ్యత వెతికేవారిది మాత్రమే కాదు, దొరకవలసినవారిది కూడా. నేటి ప్రతి వ్యాసకర్తా రేపటి పూర్వికులే. యూనికోడ్‌లో కూర్చకుండా, సంగ్రహం లేకుండా, రచయిత పేరును సంచికకొక విధంగా రాస్తూ వెలువడే పత్రిక తన రచయితలను తానే చీకటిలోకి పంపుతుంది. కీలకపదాల్లో నేటి పరిభాషతోపాటు పూర్వపు పర్యాయపదాలనూ చేర్చడం, పాత సంచికల విషయసూచికలనైనా టైపు చేసి గ్రంథాలయానికి అందించడం పెద్ద నిధులు అవసరం లేని పనులు. పరిశీలకులు కూడా “పరిశోధన జరగలేదు” అన్న వాక్యం ఎదురైనప్పుడు “ఎక్కడ వెతికారు?” అని అడగడం ఆచారం కావాలి.

7. ముగింపు

అంతర్జాల సాధనం దీపం వంటిది. దాని వెలుగు పడినంత మేర కనబడకపోతే లేదనవచ్చు. వెలుగు పడని చోటు గురించి ఇంకా చూడలేదని మాత్రమే చెప్పాలి. ఈ భేదాన్ని పాటించిన సిద్ధాంతగ్రంథంలో ఆవశ్యకతను చెప్పే వాక్యం కొంత పొడవవుతుంది, కొంత బలహీనంగా కనిపిస్తుంది. కాని తరువాత వచ్చే పరిశోధకులు నమ్మి ముందుకు సాగగలిగిన వాక్యం అదే.