తాతగారి వాచీ: ఏది ఉంచాలి? ఏది మార్చాలి?

ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించి, సంస్మరణ పూజ కూడా ముగిసిన తరువాత, పిల్లలు కూర్చుని ఆస్తిపాస్తులు చూసుకుంటారు. పొలాన్ని కొలిచి పంచుకోవచ్చు. బంగారాన్ని తూచి పంచుకోవచ్చు. కాని పెట్టె అడుగున, జపమాల పక్కన, ఒక చేతివాచీ దొరుకుతుంది. అది ఎప్పుడో ఆగిపోయింది. దానిని నలుగురికి నాలుగు ముక్కలు చేయలేము. అమ్మితే పెద్దగా వచ్చేదీ ఉండదు. అయినా పారవేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

అప్పుడు ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. "అది నాన్న గుర్తు. ఎవరూ ముట్టుకోకండి, అలాగే బీరువాలో ఉండనివ్వండి" అంటారు ఒకరు. "డయలు మార్పించి, పాలిష్ పెట్టిస్తే కొత్తదానిలా తళతళలాడుతుంది" అంటారు మరొకరు. "దాని రిపేరుకు పెట్టే డబ్బుతో బ్యాటరీ వాచీ కొత్తది వస్తుంది, ఎందుకీ చాదస్తం?" అంటారు ఇంకొకరు. తల్లిదండ్రులను గౌరవించమన్న నాలుగవ ఆజ్ఞ వారి మరణంతో రద్దు కాలేదు. మరి ఈ మూడింటిలో ఏది గౌరవం? చూడబోతే చిన్న విషయమే. కాని పెద్దల నుండి మనకు సంక్రమించిన ఇల్లు, గుడి, ఆచారం, విశ్వాసం, అన్నిటి దగ్గరా మనకు ఎదురయ్యేది ఈ ప్రశ్నే.

ముందుగా ఆ వాచీ మన ఇండ్లకు ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. ఒకప్పుడు చేతివాచీ అంటే స్విట్జర్లాండు నుండి వచ్చే ఖరీదైన వస్తువు. 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. తొలి వాచీలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. రోజూ కీ ఇచ్చుకునే 'జనత' వంటి వాచీలు ఆ తరువాత పల్లెలకు చేరాయి. మార్టూరు వంటి ఊళ్ళలో పత్తి అమ్మిన ఏడో, మిరప కలిసొచ్చిన ఏడో పెళ్ళి పెట్టుకునేవారు. పెళ్ళికొడుక్కి సైకిలు, ట్రాన్సిస్టరు, చేతివాచీ పెట్టడం ఆనవాయితీ అయింది. అంటే మనం 'తాతగారి వాచీ' అని మురిపెంగా చెప్పుకునేది చాలా ఇండ్లలో నాయనమ్మగారి తండ్రి చెమటోడ్చి కొన్నదే. వరకట్న నిషేధ చట్టం కూడా ఆ 1961లోనే వచ్చిందన్న సంగతి మనం మరచిపోరాదు. ప్రేమతో పెట్టినది ఎంత, తప్పక పెట్టినది ఎంత అన్నది ఆ వాచీ చెప్పదు. ఒక వారసత్వంలో మంచీ చెడూ ఇలా ఒకే చట్రంలో బిగిసి ఉంటాయి.

ఇక అది ఎందుకు ఆగిపోతుంది? కీ తిప్పినప్పుడు లోపల చుట్టలా ఉన్న మెయిన్ స్ప్రింగు బిగుసుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఆ వేగాన్ని అదుపులో ఉంచేది బ్యాలెన్సు చక్రం. ఆనాటి వాచీలు చాలావరకు గంటకు 18,000 సార్లు కొట్టుకుంటాయి. అంటే సెకనుకు 5 సార్లు, రోజుకు 4,32,000 సార్లు. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా వాటి కింద కృత్రిమ కెంపురాళ్ళు అమర్చుతారు. డయలు మీద '17 జ్యువెల్స్' అని ఉంటే ఆ రాళ్ళు పదిహేడని అర్థం. ఆ ఇరుసుల దగ్గర సూదిమొన మీద నిలిచేటంత నూనె ఉంటుంది. కొన్నేళ్ళకు ఆ నూనె ఎండి జిగురవుతుంది. మిరప కల్లంలోని దుమ్ము, పత్తి నుసి, గ్రానైటు పాలిషింగు మిల్లుల పొడి, చేతి చెమట మెల్లగా లోపలికి చేరతాయి. చాలా వాచీలు ఆగిపోవడానికి కారణం వయస్సు కాదు, ఈ మురికే.

ఇక్కడ గమనించవలసిన మాట ఒకటుంది. నూనె ఎండిన వాచీ వెంటనే ఆగదు. కొంతకాలం నడుస్తూనే ఉంటుంది. 'నడుస్తోంది కదా' అని యజమాని ధీమాగా ఉంటాడు. ఆ నడకలోనే ఇరుసులు అరిగిపోతుంటాయి. అందుకే నాలుగైదేళ్ళకు ఒకసారి వాచీని పూర్తిగా విప్పి, కడిగి, కొత్త నూనె పెట్టించాలంటారు. ఆదివారం పూజకు వస్తున్నాం, పండుగలు చేస్తున్నాం, అంతా నడుస్తోంది కదా అనుకునే కుటుంబాలకు ఈ మాట వర్తించదా? ఆత్మశోధన, పాపసంకీర్తనం ఆగిపోయినవాడి కోసం మాత్రమే కాదు. నడుస్తున్నవాడికీ అవి అవసరమే.

మంచి వాచీ మెకానిక్కు కంటికి భూతద్దం పెట్టుకుని, సన్నని పట్టకారుతో ఒక్కొక్క భాగాన్నీ విడదీస్తాడు. అతని పనితనం చేతిలోనే కాదు, వివేచనలో ఉంది. ఏది మార్చాలి, ఏది ఉంచాలి, ఏది కడిగివేయాలి అని ప్రతి భాగం దగ్గరా అతడు తీర్పు చెప్పుకోవాలి.

మార్చవలసినవి కొన్ని ఉంటాయి. గీతలు పడి కనిపించని అద్దం, చివికిపోయిన బెల్టు, సత్తువ పోయిన స్ప్రింగు. ఇవి అరిగిపోవడానికే చేసినవి. తాతగారు బ్రతికి ఉండగానే వీటిని ఎన్నిసార్లు మార్పించారో! స్ప్రింగు మార్చినంత మాత్రాన అది ఆయన వాచీ కాకుండా పోదు. మన మార్టూరునే చూడండి. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉంది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు వైపు, అంటే నేటి ప్రకాశం జిల్లాలోకి వెళ్ళింది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. పక్కనున్న రహదారి 5వ నంబరు పోయి 16వ నంబరు వచ్చింది. ఊరు మారిందా? పేర్లూ హద్దులూ మారినా ఊరు ఊరే.

ఉంచవలసినవి కొన్ని ఉంటాయి. రంగు వెలిసిన డయలు, అంచున పడిన నొక్కు, వెనుక మూత మీద చెక్కించుకున్న పొడి అక్షరాలు. వీటివల్ల వాచీ నడకకు ఏ ఇబ్బందీ లేదు. అవి ఆ మనిషి బ్రతుకు గుర్తులు. డయలుకు కొత్త రంగు వేశాక పాతది తిరిగి రాదు. పాలిష్ పెట్టిన ప్రతిసారీ కేసు లోహం కొంత అరిగిపోతుంది. కొత్తగా కనిపించాలన్న ఆశతో చేసే ఆ పని నిజానికి జ్ఞాపకాన్ని చెరిపివేయడమే. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన తరువాత పాత వాచీలకు గిరాకీ పెరిగింది. దానితోపాటు, పలు వాచీల భాగాలు కలిపి, కొత్తగా అచ్చువేసిన డయలు పెట్టి, 'అసలైన పాతది' అని అమ్మడమూ సాగుతోంది. రిపేరు చేయడం తప్పు కాదు. చేసిన రిపేరును దాచి అమ్మడం ఏడవ ఆజ్ఞనూ ఎనిమిదవ ఆజ్ఞనూ కలిపి మీరడమే. కొనేవాడికి ఏది మార్చామో చెప్పితే ధర తగ్గవచ్చు. మనస్సాక్షి మిగులుతుంది.

తీసివేయవలసినవీ కొన్ని ఉంటాయి. తుప్పు, ఎండిన నూనె వంటివి. ఇవి ఎంత పాతవైనా జ్ఞాపకాలు కావు. వాటిని ఉంచితే అవి మిగిలినదాన్ని కూడా తినేస్తాయి. కొన్ని వాచీలలో ఇంతకంటే ప్రమాదకరమైనది ఉంటుంది. చీకటిలో మెరిసే ప్రతిదాన్నీ మనవాళ్ళు 'రేడియం' అంటారు. ఒకప్పుడు అది నిజంగా రేడియమే. 1960ల వరకు కొన్ని విదేశీ వాచీల ముళ్ళకూ అంకెలకూ రేడియం కలిపిన రంగు పూసేవారు. అమెరికాలో 1917 ప్రాంతంలో ఆ పనికి కుదిరిన యువతులకు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకోమని నేర్పారు. ఆ రంగు కడుపులోకి పోయి, దవడ ఎముకలు కుళ్ళి, వారిలో పలువురు మరణించారు. రేడియం సత్తువ సగానికి తగ్గడానికి సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. మెరుపు పోయినా విషం పోదు. అటువంటి వాచీని ఇంట్లో పిల్లల ముందు విప్పి గీకరాదు. మెకానిక్కుకు ముందే చెప్పాలి.

పెద్దలు ఇచ్చారు కాబట్టి అంతా పవిత్రమే అనడం ఎంత పొరపాటో ఇప్పుడు తెలుస్తుంది. మన విశ్వాసాన్ని మనకు తాతముత్తాతలే అందించారు. జపమాల, త్రికాల ప్రార్థన, తపస్సు కాలపు ఉపవాసం, పొరుగువాడి చావుకు పని మాని వెళ్ళడం కూడా వారు ఇచ్చినవే. వాటితోపాటు కుల భేదాన్నీ, కట్నపు బేరాన్నీ కూడా ఇచ్చారు. ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించినవారు పెళ్ళిపందిట్లోనూ సమాధుల తోటలోనూ వేరువేరు వరుసలు చూసుకుంటే, అది సంప్రదాయం కాదు, తుప్పు. శ్రీసభలోనే ఈ వివక్ష ఉన్నదని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో వెలువరించిన విధాన పత్రంలో ఒప్పుకున్నది. ఒప్పుకోవడం మూత తెరవడం వంటిది. కడగడం ప్రతి విచారణలో, ప్రతి ఇంట్లో జరగవలసిన పని. 'మా పెద్దల నాటి నుంచీ ఉన్నదే' అన్న మాట ఏ మురికికీ రక్షణ కాకూడదు.

ఇలా వేరుచేసి చూడడం శ్రీసభకు కొత్త కాదు. జూలియస్ సీజరు కాలం నుంచి వచ్చిన క్యాలెండరు ఏడాదికి సుమారు 11 నిమిషాలు తప్పుతూ ఉండేది. పదకొండు నిమిషాలే కదా! కాని శతాబ్దాలు గడిచేసరికి ఆ తప్పు పది రోజులై, పాస్కా పండుగ లెక్కే చెడిపోయింది. 13వ గ్రెగోరి పోపుగారు 1582లో దాన్ని సరిచేశారు. అక్టోబరు 4వ తేదీ గురువారం మరునాడు 15వ తేదీ శుక్రవారం అయింది. తేదీలు మారాయి. వారాల వరుస మాత్రం తెగలేదు. ఆదివారం ఆదివారంగానే నిలిచింది.

"ఇంత డబ్బు ఒక పాత వాచీ మీద పెట్టే బదులు పేదలకు ఇవ్వరాదా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో రోగికి మందు లేకపోతే, పిల్లవాడి ఫీజు కట్టకపోతే, వాచీ ఆగాలి. అందులో రెండో మాట లేదు. కాని ఆ స్థితి లేనప్పుడు ఒకసారి ఆలోచించండి. కొత్త వస్తువు కొనేందుకు వెనుకాడని మనం, ఉన్నదాన్ని బాగుచేయడానికి ఎందుకు లెక్కలు వేస్తున్నాం? వాడి పారవేసే సంస్కృతి వస్తువులతో ఆగదనీ, మనుషులను కూడా పక్కకు నెడుతుందనీ ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో హెచ్చరించారు. రిపేరుకు ఇచ్చే రూపాయి ఒక చిన్న బల్ల ముందు కూర్చుని కళ్ళు చిల్లులు పడేలా పనిచేసే మనిషికి కూలిగా చేరుతుంది. అతనితో బేరమాడే ముందు ఆ పని ఎన్ని గంటలు పట్టిందో అడగండి.

చివరిగా, ఆ వాచీ ఎవరికి చెందాలి? పెద్దకొడుక్కా? అడిగినవాడికా? చాకిరీ చేసిన కూతురికా? తగాదా పడేముందు ఒక్క మాట తలచుకుందాం. యజమాని ఇచ్చిన ధనాన్ని భూమిలో పాతిపెట్టిన సేవకుడి కథ క్రీస్తునాథుడు చెప్పారు. వాడు దొంగిలించలేదు, పోగొట్టలేదు. ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇచ్చాడు. అయినా మెప్పు పొందలేదు. బీరువాలో భద్రంగా ఆగిపోయి ఉన్న వాచీ అటువంటిదే. కీ ఇచ్చే వాచీకి రోజూ ఒక చెయ్యి కావాలి. రోజుకు ఒకసారి గుర్తు పెట్టుకుని కీ ఇవ్వగలవారే దానికి నిజమైన వారసులు. వారు కూడా యజమానులు కారు, కొంతకాలపు సంరక్షకులు మాత్రమే.

నవంబరు 2న సమాధులకు సున్నం వేస్తాం, పూలు పెడతాం, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అక్కడ కూడా మనం చేసేది గడ్డి పీకడం, పేరు చెరిగిపోకుండా చూడడం. ఈ ఏడు ఆ రోజుకు ముందు పెట్టె తెరిచి ఆ వాచీని బయటికి తీయండి. నమ్మకమైన మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళి, "కడిగి నూనె పెట్టండి, అరిగినది మార్చండి, డయలు మాత్రం ముట్టుకోకండి" అని చెప్పండి. అది నడవడం మొదలయ్యాక ఇంట్లోని చిన్నవాడికో చిన్నదానికో కీ ఇవ్వడం నేర్పండి. ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పేటప్పుడు తాతగారి పేరుతోపాటు నాయనమ్మగారి పేరూ చెప్పండి. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, మన ఇంటి ఆచారాలలో మార్చవలసినవి ఏవో, ఉంచవలసినవి ఏవో, కడిగివేయవలసినవి ఏవో అందరూ కలిసి మాట్లాడుకోండి.