కావలివాని జీతము



దొంగ రాని యింటికి కావలివాని జీతము దండుగగా కనబడును. ఏండ్ల తరబడి తెగని చెరువుగట్టుకు మరమ్మతు దండుగగా కనబడును. అయితే ఆ గట్టు తెగకుండుటకు ఆ మరమ్మతే కారణము కావచ్చును గదా! ఈ చిక్కు రాజ్యములకును కలదు.

1981లో బ్రిటిషు ప్రభుత్వము ఖర్చు తగ్గింపబూని నౌకాదళమును కుదింప నిశ్చయించెను. రక్షణమంత్రి జాన్ నాట్ తెలివిలేనివాడు కాడు. ధనము కొద్దిగా నుండెను. భయమంతయు సోవియట్ రష్యా వైపే యుండెను. దూరసముద్రములో ఒంటరిగా యుద్ధము చేయవలసివచ్చునని తలంచినవారు అరుదు. గనుక దక్షిణ అట్లాంటిక్‌లో ఫాక్‌లండ్ దీవుల చెంత తిరుగు ఎండ్యూరెన్స్ అను ఓడను మానిపింప దలచిరి. ఇన్‌విన్సిబుల్ అను విమానవాహక నౌకను ఆస్ట్రేలియాకు అమ్మజూపిరి.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా సైన్యము ఆ దీవులలో దిగెను. అమ్మకము ఇంకను ముగియలేదు గనుకనే మూడు దినములకు ఇన్‌విన్సిబుల్, హెర్మెస్ నౌకలు ఇంగ్లండు విడిచి, 8000 మైళ్ల దూరము పోగలిగెను. దాడి కొన్ని ఏండ్లు ఆలస్యమైన యెడల ఏమగునో ఆలోచింపుడి.

అయితే అప్పటికే పోయినది మరల రాలేదు. ఆర్క్ రాయల్ అను పెద్ద నౌకను 1979లో విరమింపజేసినప్పుడు, రాబోవు శత్రువును ఆకాశమునుండి దూరముననే కనిపెట్టు రాడార్ విమానములును దానితో పోయెను. మే 4న శత్రువిమానము సముద్రమునకు దగ్గరగా ఎగిరివచ్చి విడిచిన క్షిపణి షెఫీల్డ్ అను నౌకను తాకెను. 20 మంది మరణించిరి. అందుకు ఇతర లోపములును కారణమే. అయినను ముందుగా చూచు కన్ను లేకపోవుట చిన్న లోపము కాదు. జూన్ 14న పోరు ముగియునాటికి బ్రిటిషువారు 255 మంది, అర్జెంటీనావారు 649 మంది, దీవులవాసులు ముగ్గురు చనిపోయిరి.

దాడిచేసినవాని దోషము దాడిచేసినవానిదే. పొదుపు చేయుటయు తప్పు కాదు. బిడ్డల అన్నము తీసి ఆయుధములు కొను దేశము క్షేమముగా నున్నదనలేము. అయితే పొదుపు చేసినవాడు కచేరీలో కూర్చుండును; దాని వెల చెల్లించువాడు ఓడలో నుండును. కష్టమంతయు ఇక్కడనే యున్నది. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వలేము. ఓడను కట్టుటకు ఏండ్లు పట్టును, నావికుని తర్ఫీదు చేయుటకును ఏండ్లు పట్టును.

కాబట్టి చదువరీ, నీ ఊరి పంచాయతీలోనైనను, నీ యింటి లెక్కలోనైనను, ఒక ఖర్చును కొట్టివేయునప్పుడు "ఎంత మిగులును?" అని మాత్రమే అడుగకుము. "ఆపద వచ్చిన దినమున ఇది లేనందున నష్టపోవువాడెవడు? అతనిని మనము అడిగితిమా?" అనియు అడుగుము. అతని ముఖము చూచి చేసిన పొదుపే న్యాయమైన పొదుపు.