డ్రమ్ము మింగిన లెక్క

అనగనగా అమెరికాలోని లాస్ అలమోస్‌లో 208 లీటర్ల ఇనుప డ్రమ్ము ఒకటి. అణ్వాయుధాల పనిలో వాడేసిన చేతి తొడుగులు, గుడ్డలు, పనిముట్లు అందులో కుక్కి మూత బిగించారు. లోపల ప్లుటోనియం ఎంతుందో తేలాలి. మూత తీస్తే దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ఇద్దరిని పిలిచారు.

మొదటివాడు గామా కన్ను, ద్రవ నైట్రోజన్ చలిలో పనిచేసే జెర్మేనియం స్ఫటికం. డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటే ప్లుటోనియం-239 వదిలే 414 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాల్ని ఏరి, "చిటికెడే" అన్నాడు.

రెండోవాడు న్యూట్రాన్ చెవి, పాలిథిన్ దిమ్మెల్లో దిగేసిన హీలియం-3 గొట్టాలు. ప్లుటోనియం-240 గ్రాముకి సెకనుకి సుమారు వెయ్యి న్యూట్రాన్లు వదులుతుంది, చాలావరకు జట్లుజట్లుగా. ఆ జట్లని లెక్కపెట్టి, "చిటికెడేంటి తమ్ముడూ, చెంచాడుంది!" అన్నాడు.

"నీకు చెవిలో హోరు అన్నా."

"నీకు రేచీకటి."

లోపలున్నది ముద్ద. దాని నడుమ పుట్టిన గామా కిరణాల్ని పైపొరే మింగేస్తోంది, న్యూట్రాన్లకి ఆ అడ్డు లేదు. చెవి మీసం మెలేశాడు. మర్నాడు తడి కాగితాలు, ప్లాస్టిక్ నిండిన డ్రమ్ము వచ్చింది. అందులోని హైడ్రోజన్ న్యూట్రాన్ల జోరు తగ్గించి కొన్నిటిని దిగమింగింది. ఈసారి తక్కువ చెప్పింది చెవి!

ముసలి ఇంజనీరు ఇద్దరి గొడవా పట్టించుకోలేదు. ఎన్ని న్యూట్రాన్లు వదులుతుందో ముందే తెలిసిన కాలిఫోర్నియం-252 రవ్వని డ్రమ్ము పక్కన పెట్టాడు. ఖాళీ డ్రమ్ముతో వచ్చిన లెక్కకీ దీనికీ తేడా చూశాడు. కన్ను కోసం అవతలివైపు గామా కిరణాల మూలం పెట్టి, ఇటు ఎంత దాటి వచ్చిందో చూశాడు. ఆ తర్వాతే లెక్కలు సరిచేసి, అంకె పక్కన ఎంత అటూఇటూ కావచ్చో కూడా రాశాడు. (ముద్ద సంగతి అప్పటికీ కన్నుకి చిక్కదు, అక్కడ చెవి మాటే వినాలి.)

నీతి: వస్తువుని తూచే ముందు దాని ముసుగుని తూచు.

ఈ నీతి ప్లుటోనియం వరకే పనికొస్తుంది. ఇలాంటి డ్రమ్ముల్ని లాస్ అలమోస్ ఉన్న న్యూమెక్సికోలోనే, కార్ల్స్‌బాడ్ దగ్గర, 655 మీటర్ల లోతున ఉప్పు పొరల్లో తవ్విన గనిలో దించుతారు. డ్రమ్ముకి 200 గ్రాముల ప్లుటోనియం-239కి సమానమైన విచ్ఛిత్తి పదార్థం మించకూడదు. 2014 ఫిబ్రవరి 14న అక్కడ పగిలిన లాస్ అలమోస్ డ్రమ్ము చేటు తెచ్చింది ప్లుటోనియం లెక్క తప్పి కాదు. నైట్రేట్ లవణాల్లో తేమ పీల్చడానికి, పెంపుడు పిల్లుల దొడ్డి పెట్టెల్లో పోసే గోధుమ పొడి కలిపారు. అది వేడెక్కి మూత లేచింది. దాదాపు మూడేళ్లు ఆ గనిలోకి కొత్త డ్రమ్ము దిగలేదు.