శాలువాలు చాలానే ఉన్నాయి, ఆదివారాలే లేవు



పోయిన వీడియోలో కర్ణుడి గురించి చెప్పుకున్నాం కదా. కామెంట్లలో చాలామంది కుంతి చేసింది తప్పా ఒప్పా అనే వాదించుకున్నారు. రాధ గురించి, అధిరథుడి గురించి ఒకరిద్దరు తప్ప ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం అప్పట్నుంచీ వాళ్ళిద్దరే గుర్తొస్తున్నారు. దానికి కారణం నెల్లూరులో జరిగిన ఒక సంగతి. అది నాకు గొప్ప తెచ్చేది కాదు, అయినా చెప్తాను.

మాది ఇందుకూరుపేట మండలంలో, మైపాడు బీచ్‌కి దగ్గర్లో ఒక ఊరు. ఇంజినీరింగ్ అయ్యాక చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్‌కి రైలెక్కితే మూడు గంటల్లో నెల్లూరులో ఉంటాను. రెండేళ్ళ కిందట నా పుట్టినరోజుకి పార్టీ మానేసి ఏదైనా మంచి పని చేద్దామనుకున్నా. నెల్లూరులో టీనేజ్ అబ్బాయిలుండే ఒక షెల్టర్ హోమ్‌కి బిర్యానీ ప్యాకెట్లు, కేకు తీసుకెళ్ళా. రైల్వే స్టేషన్లో దొరికినవాళ్ళు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, ఇంట్లో తాగుడు, దెబ్బలు భరించలేక బయటపడ్డవాళ్ళు అక్కడ ఉంటారు.

కేక్ కోస్తూ ఫోన్ తీశాను. అక్కడ వాలంటీర్‌గా వచ్చే ఒక అక్క వెంటనే, "ఫోన్ జేబులో పెట్టుకో తమ్ముడూ, వీళ్ళ ముఖాలు నీ స్టేటస్‌లో ఉండకూడదు" అంది. నాకు చివుక్కుమంది. ఇంత ఖర్చుపెట్టి వస్తే ఒక్క ఫోటోకి కూడా ఒప్పుకోదా అనిపించింది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరమని నాకు తర్వాత తెలిసింది. ఆ అక్క చట్టం పేరెత్తలేదు. "రేపు వీడు ఉద్యోగానికి పోతే, ఆ ఫోటో వీడికంటే ముందు అక్కడికి పోతుంది" అని మాత్రం అంది.

వచ్చేటప్పుడు ఒక అబ్బాయి గేటు దాకా వచ్చాడు. పదిహేనేళ్ళుంటాయి. పది తప్పాడు, లెక్కలు పోయాయి. "మళ్ళీ ఆదివారం వస్తావా అన్నా? లెక్కలు చెప్తావా?" అన్నాడు. "కచ్చితంగా వస్తాను" అన్నాను.

వెళ్ళలేదు. ఆ వారం రిలీజ్, తర్వాతి వారం ఫ్రెండ్ పెళ్ళి, ఆ తర్వాత అసలు గుర్తే లేదు. రెండు నెలల తర్వాత వెళ్తే ఆ అబ్బాయి నన్ను చూసి లోపలికెళ్ళిపోయాడు. అక్క నన్నేమీ తిట్టలేదు. "మూడు ఆదివారాలు పుస్తకం పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. రాను అని చెప్పినా బాగుండేది. వస్తానని చెప్పి రానివాళ్ళను వీడు ఇప్పటికే చాలామందిని చూశాడు" అంది.

సప్లిమెంటరీ అప్పటికే అయిపోయింది. వాడు మళ్ళీ తప్పాడు.

ఆ రోజు రైల్లో చెన్నై తిరిగొస్తూ ఒకటే ఆలోచన. నేను చేసింది దానమా, ఇంకేమన్నానా? గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలని ఉంది. ఇవ్వడం ధర్మం అనుకుని, తిరిగి ఏమీ చేయలేనివాళ్ళకి, తగిన చోట తగిన కాలంలో ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం ఆశించి ఇచ్చేది రాజసం. గౌరవం లేకుండా ఇచ్చేది తామసం. నా బిర్యానీ ఏ గుంపులో పడుతుందో చెప్పడానికి పెద్ద పండితులు అక్కర్లేదు. నాకు కావలసిన ప్రతిఫలం ఆ ఫోటోనే. పైగా 'తగిన కాలం' అంటే నా పుట్టినరోజు అనుకున్నాను. వాడికి తగిన కాలం సప్లిమెంటరీకి ముందున్న ఆ ఆదివారాలు.

ఇప్పుడు రాధ దగ్గరికి వద్దాం. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకు పిలిచి జన్మరహస్యం చెప్తాడు. పాండవుల్లో పెద్దవాడివి, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఒప్పుకోడు. ఎందుకో చెప్తూ, రాధ తన మలమూత్రాలు ఎత్తి శుభ్రం చేసిందని, అధిరథుడు తనకు జాతకర్మ చేయించాడని, పెళ్ళి చేశాడని గుర్తు చేసుకుంటాడు. ఒక రాజ్యానికి ఎదురుగా అతను తూచింది ఇలాంటి రోజువారీ పనుల్నే. వాళ్ళు లోకం చేత పొగిడించుకోలేదు. ఆ పిల్లాడికి ఒక పేరు మిగిల్చారు, రాధేయుడని.

షెల్టర్‌లో వాలంటీర్లు చేసేవి అచ్చం ఇలాంటి పనులే. ఆధార్‌లో తప్పు దిద్దించడానికి లైన్లో నిలబడతారు. జ్వరమొస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్తారు. రాత్రి ఉలిక్కిపడి లేచినవాడి పక్కన ఏమీ అడగకుండా కూర్చుంటారు. చిన్నపిల్లలంటే అందరికీ ముద్దే. మీసాలొచ్చి, ఎదురు మాట్లాడి, అబద్ధాలాడే పదహారేళ్ళవాడి దగ్గర కూర్చునేవాళ్ళు తక్కువ. విశ్వామిత్రుడు వచ్చి అడిగినప్పుడు దశరథుడు భయపడింది కూడా పదహారేళ్ళు నిండని రాముడి గురించే. ఆ వయసు అలాంటిది. పద్దెనిమిది నిండితే వీళ్ళు హోమ్ వదిలి వెళ్ళాలి. ఆ తర్వాత 21 ఏళ్ళ దాకా ఆసరా ఇవ్వడానికి చట్టంలో వీలుంది. కానీ అద్దెకు గది ఎలా వెతుక్కోవాలో, జీతంలో ఎంత దాచుకోవాలో ఎవరో ఒక మనిషి దగ్గరుండి చెప్పాలి కదా.

మా జిల్లాకి ఇది కొత్త కాదు. మా ఇంటి నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. దానికి భూమి ఇచ్చిన పొణకా కనకమ్మ గారు 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆమెకు బడి చదువు లేదు, సొంతంగా నేర్చుకున్నారు. ఒక బడి పెట్టడం ఒకరోజు పని. దాన్ని నడపడం వేల రోజుల పని. మనకు గుర్తుండేది మొదటి రోజే.

మరి సేవ చేసేవాళ్ళను మెచ్చుకోవద్దా? నిష్కామంగా చేసేవాళ్ళకి పొగడ్త ఎందుకు అంటారు కొందరు. నాకది సోమరి మాటలా అనిపిస్తుంది. ఫలం ఆశించకపోవడం వాళ్ళ ధర్మం. కృతజ్ఞత చూపడం మన ధర్మం. వాళ్ళు అడగలేదు కాబట్టి మన బాకీ తీరిపోదు. ఒకసారి అక్కని ఇదే అడిగాను. "సన్మానాలు చేస్తూనే ఉంటారు తమ్ముడూ. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. లెక్కలు చెప్పే మనిషే లేడు" అని నవ్వింది.

అప్పట్నుంచి నెలలో రెండు ఆదివారాలు వెళ్తున్నా. నాలుగు అని చెప్పలేదు, ఎందుకంటే నాలుగు నావల్ల కాదు. ఆ అబ్బాయి మొదటి నెలంతా నాతో మాట్లాడలేదు. ఒకరోజు వచ్చి, పుస్తకం తెరిచి, బల్ల మీద నా వైపు తోశాడు. క్షమించాడని నేననుకోవట్లేదు. పరీక్ష పెడుతున్నాడు. ఇప్పటిదాకా ఫెయిల్ కాలేదు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి హోమ్ ఉంటుంది. వెళ్ళేముందు వాళ్ళ నియమాలు కనుక్కోండి, ఫోన్ జేబులో ఉంచండి. ఎంత సమయం ఇవ్వగలరో నిజాయితీగా లెక్కేసుకుని, దానికంటే కొంచెం తక్కువే మాటివ్వండి. స్టేషన్లోనో బస్టాండులోనో ఒంటరిగా ఉన్న పిల్లాడు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి, ఏ వేళలోనైనా పలుకుతారు. అది కూడా పూజే.

ఈ ఆదివారం నా వంతు ఉంది. త్రికోణమితి చెప్పాలి, నేనే మర్చిపోయాను, కూర్చుని చదువుకోవాలి.

శుభం.