అడుగని ప్రశ్న

పాత కారును అమ్మువాడు, కొనువాడు అడుగని సంగతిని తానై చెప్పవలెనా? "అడిగినదానికి అబద్ధమాడలేదు గదా" అని అనేకులు తమ్ము తాము సమాధానపరచుకొందురు.

పెట్రోలు అంబాసిడరునే తీసికొందము. దాని తయారీ 2014లో నిలిచిపోయినది గనుక ఇప్పుడున్నవన్నియు పాతబండ్లే. వెనుక గొట్టమునుండి నీలిపొగ వచ్చుచున్నదనగా ఇంజనాయిలు పెట్రోలుతోకూడ కాలుచున్నదని అర్థము. (నల్లపొగ వేరు, అది పెట్రోలు ఎక్కువైనందున వచ్చును.) రాత్రియంతయు నిలిచిన బండిని ఉదయమున స్టార్టు చేయగానే గుప్పున వచ్చి ఆగిపోయినయెడల, వాల్వుల సీళ్లో గైడులో అరిగియుండవచ్చును. వేగము పెంచినప్పుడెల్ల వచ్చుచుండిన, పిస్టను రింగులను అనుమానింపవలెను. అది ఇంజను విప్పవలసిన పెద్ద ఖర్చు.

కొనువాడు రాకమునుపే ఇంజను వేడిచేసి ఉంచువాడును, చిక్కని ఆయిలు పోసి పొగను అణచువాడును నోటితో ఏమియు పలుకలేదు, నిజమే. చేతులతో అబద్ధమాడిరి. కొనినవాడు అప్పుచేసి టాక్సీ నడుపుకొని బ్రదుకువాడైనచో, ఆ అబద్ధమునకు వడ్డీ ఎవరు కట్టుదురు?

లోపమెక్కడనో తనకు తెలియదని అమ్మువాడు అనవచ్చును. తెలియనక్కరలేదు. పొగ ఎప్పుడు వచ్చునో, నెలకెంత ఆయిలు పోయుచున్నాడో తెలియును గదా, అది చెప్పవలెను. మిగిలినది మెకానిక్కు చూచుకొనును. అతడు కంప్రెషను కొలిచి, ప్లగ్గు రంధ్రములో చెంచాడు ఆయిలు వేసి మరల కొలుచును. తక్కువగానుండిన కొలత అప్పుడు పెరిగినయెడల దోషము రింగులవైపే. ఆ పరీక్ష ఇద్దరి యెదుటను జరిగినపిమ్మట ధర మాటలాడుకొనవచ్చును.