వేడుక చూచువారు

ధ్యాన భాగములు: లూకా 23:48, 1 కొరింథీయులకు 4:9



మన ఎర్రగుంట్ల చుట్టుపట్ల తిరునాళ్లు వచ్చినదనగానే బండలాగుడు పందెము గుర్తుకు వచ్చును. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని ఎద్దుల జతలను వేరుచేసి, వాటికి తగిన రాతిబండను కట్టి, నిర్ణయించిన నిమిషములలో ఏ జత ఎంత దూరము లాగెనో అడుగులలో కొలుతురు. ఆ ఎద్దులను రైతు కన్నబిడ్డలవలె మేపును. తాను గంజి త్రాగియైనను వాటికి ఉలవలు పెట్టును. ఇందులో మెచ్చదగినది కలదు. అయితే మన సంఘపు యౌవనస్థులు, “అయ్యగారూ, చూస్తే తప్పేమి? కొట్టేది మేము కాదు గదా!” అని అడుగుచున్నారు. ఈ మాటనుగూర్చియే ఈ నెల ధ్యానింతము.

పూర్వము రోమా పట్టణమువారు చూచుటయందే ఆనందించిరి. క్రీ.శ. 70లో యెరూషలేమును పడగొట్టిన తీతు, అనగా పౌలు శిష్యుడైన తీతు కాదు, వెస్పాసియను చక్రవర్తి కుమారుడు, తానే చక్రవర్తియై 80వ సంవత్సరమున కొలోసియమును ప్రారంభించి నూరు దినములు వేడుకలు జరిపించెను. అందులో ఇంచుమించు 50,000 మంది కూర్చుండగలరు. ముందు వరుసలలో పెద్దలు, పై వరుసలలో బీదలును స్త్రీలును కూర్చుండిరి. ఉదయము మృగముల వేట, మధ్యాహ్నము నేరస్థులకు మరణశిక్ష, అటుపిమ్మట ఖడ్గము పట్టినవారి పోరాటము. గోదాలోనికి దిగినవారిలో అనేకులు దాసులు, యుద్ధములో చెరపట్టబడినవారు. వారి ఇష్టము ఎవరును అడుగలేదు. మెట్లమీద కూర్చున్నవాడు మాత్రము తన ఇష్టముచేతనే వచ్చెను. వాని కేక కొరకే ప్రభువులు లెక్కలేని ధనము వెచ్చించిరి. వాడు ఇంటియొద్ద నిలిచిపోయిన యెడల ఆ ఆటయే లేదు.

ఆగస్టీను భక్తుడు తన స్నేహితుడైన అలీపియునుగూర్చి వ్రాసిన సంగతి వినుడి. ఈ యౌవనుడు న్యాయశాస్త్రము చదువుటకు రోమాకు వచ్చెను. ఆ పోరాటములు అతనికి అసహ్యము. అయినను స్నేహితులు బలవంతముగా లాగుకొనిపోయిరి. అతడు కన్నులు గట్టిగా మూసికొని కూర్చుండెను. ఇంతలో ఒకడు పడిపోయెను, జనులందరు ఒక్కసారి కేక వేసిరి. అతడు కన్నులు తెరచెను. తెరచిన కన్నులు మరల మూయలేదు. తానును కేకలు వేసెను, మరల మరల వచ్చెను, ఇతరులనుకూడ వెంటబెట్టుకొని వచ్చెను. దేవుని కృపచేత చాలకాలమునకు విడుదల పొంది, తన స్వస్థలమైన తగాస్తెలో బిషప్పు ఆయెను. అలీపియు ఎవరిని కొట్టెను? ఎవరినిని కొట్టలేదు. చూచెను, అంతే.

మన బండలాగుడు రోమా గోదావంటిది కాదు. అక్కడ ఎవరును చంపబడుటకు తేబడుట లేదు. అయినను కేక పనిచేయు రీతి ఒక్కటే. జత బండను కదల్చలేక మోకరించినప్పుడు, చుట్టునున్నవారి కేక హెచ్చినకొలది చర్నాకోల దెబ్బ హెచ్చును. చర్నాకోల పట్టిన చెయ్యి ఒకటి, దానిని పైకెత్తించు గొంతులు వేయి. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడని సామెతల గ్రంథము చెప్పుచున్నది. మన దేశములో జంతువులపట్ల క్రూరత్వమును నిషేధించు చట్టము 1960లోనే వచ్చినది. చట్టము కొట్టువానిని పట్టుకొనును. చూచువాని హృదయమును పట్టుకొనునది దేవుని వాక్యమే.

నేడు ఆ గోదా మన జేబులోనికి వచ్చియున్నది. దారిలో లారీ తగిలి మనిషి పడియుండగా, నీళ్లు పట్టుకొని పరుగెత్తువాడు ఒకడైతే, సెల్‌ఫోను ఎత్తి పట్టుకొనువారు పదిమంది. పొరుగువాని బాధ వేడుకయైన చోట పొరుగువాడు ఇక మిగులడు.

ప్రియులారా, కలువరియొద్దకును జనులు చూచుటకే వచ్చిరి. వారు తిరిగి పోవునప్పుడు రొమ్ము కొట్టుకొనుచు పోయిరని లూకా చెప్పుచున్నాడు. “చూచితిమి, అంతే” అను మాట అక్కడ చెల్లలేదు. మన ప్రభువు చూచువారి వరుసలో కూర్చుండలేదు, చూడబడువాని చోట నిలిచెను. ఆయనను వెంబడించినవారికిని అదే చోటు దొరికెను. తాము మరణశిక్ష పొందినవారివలె కడపట నిలువబడి, లోకమునకును దేవదూతలకును కనుపరచబడితిమని పౌలు వ్రాసినప్పుడు, గ్రీకులో నాటకశాలకు చెప్పు మాటనే వాడెను. 203వ సంవత్సరమున కార్తేజు పట్టణపు గోదాలో పసిబిడ్డల తల్లులైన పెర్పెతువ, ఫెలిసితస్ అనువారు క్రీస్తునుబట్టి ప్రాణము పెట్టిరి.

మరియొక సాక్షి కలడు. హొనోరియు చక్రవర్తి దినములలో తెలెమాకు అను సన్యాసి తూర్పుదేశమునుండి రోమాకు వచ్చి, గోదాలోనికి దిగి, పోరాడువారిని ఆపజూచెను. వేడుక చెడినదని జనులు కోపించి రాళ్లతో కొట్టి చంపిరి. దాని తరువాత చక్రవర్తి ఆ పోరాటములను మాన్పించెనని థియొడొరేటు అను సంఘచరిత్రకారుడు వ్రాసెను. యాబదివేల మంది చూచు స్థలములోనికి ఒక్కడు దిగెను.

కాబట్టి యౌవనులారా, తిరునాళ్లకు పోవద్దని మేము శాసనము చేయుట లేదు. అయితే ఎద్దు మోకరించినప్పుడు మీ గొంతు కేకలలో కలువకుండునుగాక. “చాలు, విప్పుడి” అని చెప్పుడి. చెప్ప ధైర్యము లేనియెడల లేచి రండి. ఆసామి జతకు చప్పట్లు కొట్టకున్న రేపు కూలి దొరకునా అను భయము మన ఇండ్లలో కలదని మేమెరుగుదుము. అది చిన్న భయము కాదు. అందుచేత ఒక్కడు ఒంటరిగా లేవకుండ, సంఘముగా లేతము. ఎద్దుల జతగల మన సహోదరులు ఓడిపోయినను సరే, ముల్లుగర్ర పట్టక పందెమునకు దిగుదురుగాక.

మనకొరకు చూడబడినవాడైన ప్రభువు మన కన్నులను కాపాడునుగాక. ఆమేన్.