బస్సు ఆగని మలుపు



బేతెస్ద కోనేటి యొద్ద 38 ఏండ్లు వ్యాధితో నున్న మనుష్యుని మీరెరుగుదురు (యోహాను 5వ అధ్యాయము). ఆ నీళ్లకు వెల లేదు. దిగరాదని అతనిని అడ్డగించినవాడును లేడు. అయినను అతడు ఒడ్డుననే యుండిపోయెను, మోసికొని పోవు మనిషి లేనందున.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము బస్టాండులలో నిలుచున్నప్పుడెల్ల ఈ అధ్యాయము మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమందు స్త్రీ శక్తి పథకము క్రింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. మంచి పని, కూలికి పోవు తల్లులు సంతోషించుట మేము కన్నులార చూచితిమి. అయితే బస్సు రాని పల్లెలోని స్త్రీ నేటికిని ఆటోకు డబ్బు పెట్టుచున్నది.

పూర్వము సంగతి వేరు. 1901లో బాలుడైన అంబేద్కరు తన తండ్రియొద్దకు పోవుచు మసూరు స్టేషనులో దిగగా, ఆ పిల్లల కులము తెలిసి బండివారెవరును ఎక్కించుకొనలేదు. చివరకు రెట్టింపు కిరాయి యిచ్చి పిల్లలే బండి తోలుకొనిరి. బండివాడు ప్రక్కన నడిచెను. అంటరానితనమునుబట్టి ఒకనిని అందరెక్కు బండిలో ఎక్కనీయకుండుట నేరమని 1955లో చట్టము వచ్చినది. అక్కడ త్రోసినవాడు కనబడుచుండెను. ఎవడును ఎవనిని త్రోయకుండగనే ఒకడు వెలుపల నిలిచిపోయినయెడల ఆ పాపము ఎవరిది?

ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుకాలేదు. గత వేసవిలో బస్సులో కిటికీ ప్రక్కన కూర్చొనియుంటిమి. ఏ బస్సని చెప్పము, తప్పు దానిది కాదు. ఊరి నడుమ రచ్చకట్ట యొద్ద ఆగినది. ఊరు దాటిన తరువాత పేట మలుపున ఒక అవ్వ ఆసుపత్రి చీటీ పట్టుకొని చెయ్యెత్తెను. "నిండిపోయింది, పోనీయప్పా" అని లోపలివారు కేకవేసిరి. డ్రైవరు అద్దములో మా ముఖములు చూచి పోనిచ్చెను. నిజము చెప్పవలెనన్న, మా ప్రక్కన ఒక మనిషి పట్టు చోటులో మా సంచి యుండెను. అందులో ఆదివారపు ప్రసంగ కాగితములు. మేము నోరు తెరువలేదు. ఎవరును ఆమె కులము అడుగలేదు, తిట్టలేదు. చట్టమునుబట్టి ఆ బస్సులో నేరస్థుడు ఒక్కడును లేడు.

ఒక్కరికొరకు నలుబదిమంది ఆలస్యము కావలెనా అని ఒక సంఘపెద్ద మాతో వాదించిరి. కొట్టివేయదగిన మాట కాదు, లోపలివారికిని పనులున్నవి. అయితే వారికి పోవునది రెండు నిమిషములు. ఆమెకు పోయినది ఆ దినమంతయు, సాయంకాలము వరకు ఆ దారిని మరియొక బస్సు లేదు గనుక. మరియొకటి గమనించుడి. ఎక్కినవారికి టిక్కెట్టు కొట్టుదురు, లెక్క తేలును. ఎక్కలేకపోయినవారికి ఏ పుస్తకములోను లెక్క లేదు. ఇక ఆ దారిని జనము లేరని యెవరైన తలంచిన, కాదని చెప్పుటకు సాక్ష్యమేది?

కావున పేట మలుపున స్టాపు కావలెనని సంఘమువారము అర్జీ వ్రాసితిమి. వేలిముద్ర కొరకు ఆ అవ్వ యింటికి మేమే పోయితిమి. ఆమె కాగితమువైపు చూడక మావైపు చూచి, "ఆ పొద్దు కిటికీ కాడ కూర్చోనుండేది నువ్వే కదా నాయనా" అనెను. అవునంటిమి. ఆమె బొటనవ్రేలు చాచెను.